ఆన్‌లైన్ తెలుగు ఉన్నత విద్యలో బ్లాగు, సామాజిక మాధ్యమాలు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్, దూరవిద్యా కోర్సుల్లోకి బ్లాగులు, సామాజిక మాధ్యమాలు బోధనోపకరణాలుగా ప్రవేశించాయి. వీటన్నింటినీ ‘అంతర్జాల వనరులు’ అనే ఒకే పేరుతో వ్యవహరించడం వల్ల వాటి మధ్య ఉన్న మౌలిక భేదం మరుగున పడుతోంది. బ్లాగు బహిరంగ రచన. వాట్సాప్ గుంపు గోడల మధ్య సంభాషణ. తెలుగు ఎం.ఏ. స్థాయి అధ్యయనాన్ని ప్రధానంగా దృష్టిలో ఉంచుకొని ఈ రెండింటి స్వభావాన్ని పరిశీలించడం, మూల్యాంకనం, విద్యార్థి గోప్యత, ఆకరాల పరిరక్షణ అనే విషయాల్లో తలెత్తుతున్న సమస్యలను చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: ఆన్‌లైన్ విద్య, దూరవిద్య, తెలుగు బ్లాగులు, సామాజిక మాధ్యమాలు, సమస్యాపూరణం, మూల్యాంకనం, గోప్యత, ఆకరాలు.

1. ఉపోద్ఘాతం

1982లో హైదరాబాదు కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దేశంలో ఆ కోవలో అది మొదటిది. అచ్చు పాఠ్యపుస్తకం, సెలవు రోజున అధ్యయన కేంద్రంలో తరగతి, రేడియో పాఠం ఈ విద్యకు తొలినాటి ఆధారాలు. ఉద్యోగం చేసుకుంటూనో, పొలం పనుల మధ్యనో, ఇల్లు చక్కబెట్టుకుంటూనో డిగ్రీ చదివిన తరాన్ని ఈ విధానం తయారుచేసింది. ఇందులో మొదటి నుంచీ ఒక లోటు ఉంది. విద్యార్థి రాసినది చదివేది దాన్ని దిద్దే అధ్యాపకుడు ఒక్కడే. పక్క ఊళ్లో అదే పుస్తకం చదువుతున్న మరో విద్యార్థి ఏమి ఆలోచిస్తున్నాడో, ఎక్కడ తడబడుతున్నాడో తెలిసే దారి లేదు. దూరవిద్యా పండితుడు మైకేల్ మూర్ 1989లో విద్యార్థికి పాఠంతో, అధ్యాపకుడితో, తోటి విద్యార్థితో జరిగే మూడు విధాల పరస్పర వ్యవహారాన్ని వేరుచేసి చూపాడు. తెలుగునాట దూరవిద్యలో మూడోది దాదాపు లేదనే చెప్పాలి.

అంతర్జాలం పూరించగలిగినది సరిగ్గా ఆ ఖాళీనే. 2017లో మొదలైన ‘స్వయం’ వేదికపైనా, ఆ తర్వాతి ఆన్‌లైన్ కోర్సుల్లోనూ దృశ్యపాఠం, రాతపాఠం, చర్చావేదిక, మూల్యాంకనం అనే నాలుగు అంగాల పద్ధతి స్థిరపడింది. కాగితం మీద చర్చావేదికకు మిగిలిన మూడింటితో సమానమైన స్థానమే ఉంది. ఆచరణలో మాత్రం పరీక్ష తేదీ ఎప్పుడు, హాల్ టికెట్ ఎక్కడ దొరుకుతుంది వంటి ప్రశ్నలకే అది పరిమితమవుతోంది. మూడు పాదాలు గణాలు కుదిరి నాలుగో పాదం కుంటుపడితే దాన్ని పద్యమనలేము. అసలు చర్చ ఎక్కడికి వెళ్లింది? అది వాట్సాప్‌కు వెళ్లిందనేది విద్యార్థులందరికీ తెలిసిన సమాధానం. అలా వెళ్లడం వల్ల చదువు స్వభావంలో ఏమి మారిందన్నది విచారించవలసిన విషయం.

2. బ్లాగు ఆధారంగా నడిచిన తొలి కోర్సులు

2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ ఒక కోర్సు నిర్వహించారు. జ్ఞానం వ్యక్తి బుర్రలో కాక వ్యక్తుల మధ్య సంబంధాల అల్లికలో ఉంటుందనే ‘కనెక్టివిజం’ సిద్ధాంతం దాని పాఠ్యవిషయం. రుసుము చెల్లించిన విద్యార్థులు పాతికమంది కాగా, రుసుము లేకుండా చేరినవారు రెండు వేలకు పైబడ్డారు. తర్వాతి కాలంలో కోట్లమంది చేరిన ‘మూక్’ కోర్సులకు ఆ పేరు పుట్టింది ఈ కోర్సు సందర్భంలోనే. ఇందులో పాఠం ఒకచోట గుట్టగా పోసి ఉండదు. విద్యార్థులు ఎవరి బ్లాగులో వారు రాస్తారు, డౌన్స్ రూపొందించిన వ్యవస్థ ఆ రాతలన్నింటినీ ఏరి ఒక దినపత్రంగా అందరికీ పంపుతుంది. తర్వాత పెద్ద సంస్థలు మూక్ పేరును తీసుకున్నాయి గానీ ఈ పద్ధతిని తీసుకోలేదు. వీడియో చూసి బహుళైచ్ఛిక ప్రశ్నలకు జవాబు గుర్తించే నమూనాయే లోకమంతా పాకింది. మన ‘స్వయం’ కోర్సులు అధికంగా ఈ రెండో నమూనాకు చెందినవే.

ఆ 2008 కోర్సుపై జాన్ మాక్, రాయ్ విలియమ్స్, జెన్నీ మాక్‌నెస్ 2010లో చేసిన పరిశీలన ఇక్కడ ఉపకరిస్తుంది. చర్చావేదికను ఎంచుకున్నవారు వేగాన్నీ, వాదోపవాదాల వేడినీ కోరుకున్నారు. బ్లాగును ఎంచుకున్నవారు తమదైన చోటునూ, నింపాదిగా ఆలోచించే వీలునూ కోరుకున్నారు. వేదికలోని దూకుడు పడక బ్లాగులకు తరలినవారూ ఉన్నారు. అంటే ఒకే తరగతిలోని విద్యార్థులకు రెండు రకాల చోట్లు అవసరమయ్యాయి. మాధ్యమాన్ని ఎంచుకోవడం కేవలం సాంకేతిక సౌలభ్యానికి సంబంధించిన విషయం కాదని దీనివల్ల రూఢి అవుతుంది.

3. విశ్వవిద్యాలయం వెలుపల తెలుగు బ్లాగు

తెలుగులో ఈ అనుభవం లేదనుకోవడం పొరపాటు. అది విశ్వవిద్యాలయాల లోపల జరగలేదు, అంతే. యూనికోడ్ అందుబాటులోకి వచ్చి, లేఖిని వంటి ఉపకరణాలతో సామాన్యుడు తెలుగులో రాయగలిగిన తర్వాత, ఈ శతాబ్దపు తొలి దశకం నడుమ నుంచి తెలుగు బ్లాగులు వెల్లువెత్తాయి. ఎవరు ఎక్కడ కొత్తగా రాసినా చూపించే ‘కూడలి’ వంటి సంకలినులు వచ్చాయి. సీమెన్స్, డౌన్స్ తమ కోర్సు కోసం కల్పించుకున్న ఏర్పాటుకూ దీనికీ నిర్మాణంలో తేడా స్వల్పం. పాఠ్యప్రణాళిక, పరీక్ష, పట్టా మాత్రం లేవు.

ఆ బ్లాగరులు చేసిన తొలి పని మాటలు పుట్టించుకోవడం. రాసిన ముక్క ‘టపా’ అయింది. ఒకప్పుడు ఉత్తరాల మూటకు వాడిన మాట అది. కింద రాసేది ‘వ్యాఖ్య’, ఒక పుట నుంచి మరో పుటకు దారి ‘లంకె’, పేరు చెప్పకుండా వ్యాఖ్యానించేవాడు ‘అజ్ఞాత’. విశ్వవిద్యాలయాల పారిభాషిక పదకోశాల్లో చేరి వాడుకలోకి రాకుండా మిగిలిన మాటలతో పోలిస్తే, ఏ సంఘమూ ఆమోదించని ఈ మాటలు నిలబడిన తీరు భాషాశాస్త్ర విద్యార్థికి మంచి పరిశోధనాంశం.

రాసే పద్ధతిలోనూ ఒక పాఠం ఉంది. ఆంగ్ల మీటలతో తెలుగు రాసే లిప్యంతరీకరణలో ‘న’కు చిన్న అక్షరం, ‘ణ’కు పెద్ద అక్షరం కొట్టాలి. ‘ల’, ‘ళ’లకూ అంతే. దీర్ఘానికి, ఒత్తుకు వేర్వేరు గుర్తులు ఉంటాయి. ఏ అక్షరం రాయాలో తెలియనివాడు ముందుకు సాగలేడు. మాట సగంలో ఉండగానే మొత్తం అందించే నేటి ఫోన్ కీబోర్డుకు ఆ కష్టం లేదు, ఆ కష్టం నేర్పిన వర్ణక్రమమూ లేదు. వాట్సాప్‌లో పూర్తిగా ఆంగ్ల లిపిలోనే తెలుగు రాసే అలవాటు దీనికి తోడైంది. హ్రస్వదీర్ఘాలు, అల్పప్రాణ మహాప్రాణాలు ఆ రాతలో కలగాపులగమైపోతాయి. మరో శాస్త్రం చదివే విద్యార్థికి ఇది చిన్న విషయం కావచ్చు. ఛందస్సు, వ్యాకరణం పాఠ్యాంశాలుగా ఉన్న ఎం.ఏ. తెలుగు విద్యార్థికి గురులఘువులు తెలియని లిపిలో చర్చించడం చదువు మూలాన్నే దెబ్బతీస్తుంది.

బ్లాగు బోధనా మాధ్యమంగా పనిచేసిన తీరుకు ‘శంకరాభరణం’ ఉత్తమ ఉదాహరణ. తెలుగు ఉపాధ్యాయులుగా పనిచేసిన కంది శంకరయ్య నిర్వహించిన ఆ బ్లాగులో ప్రతిరోజూ ఒక సమస్య కనిపిస్తుంది. చదువరులు తమ పూరణలను వ్యాఖ్యలుగా రాస్తారు. యతి తప్పినచోట, గణం చెడినచోట, అన్వయం కుదరనిచోట నిర్వాహకుడో తోటి కవో సూచన చేస్తారు. కవి సవరించి మళ్లీ రాస్తాడు. ఈ తంతు అంతా బహిరంగంగా జరుగుతుంది. మొదటి పద్యం, దానిలోని దోషం, సూచన, సవరించిన పద్యం వరుసగా కనిపించడం వల్ల ఆనాడు పాల్గొననివారు సైతం ఏళ్ల తర్వాత చదివి నేర్చుకోవచ్చు. పద్యాన్ని గణవిభజన చేసి చూపే ‘ఛందం’ వంటి ఉపకరణం దోషాన్ని యాంత్రికంగా పట్టుకోగలదు గానీ, ఆ దోషాన్ని దిద్దుకుంటూ భావం పోకుండా చూసుకునే మెలకువను మరో మనిషే చెప్పాలి.

దీన్ని మన ఛందస్సు ప్రశ్నపత్రంతో పోల్చి చూడాలి. ఉత్పలమాల లక్షణం రాయమంటే ‘భ ర న భ భ ర వ’ గణాలు, పదో అక్షరం యతిస్థానం, ప్రాసనియమం ఉంది అని రాసి విద్యార్థి పూర్తి మార్కులు తెచ్చుకుంటాడు. ఒక్క ఉత్పలమాల పాదమైనా సొంతంగా నడపకుండా పట్టా పొందవచ్చు. ఆ బ్లాగు పట్టా ఇవ్వలేదు గానీ పాదం నడపడం నేర్పింది. ఉద్యోగ విరమణ చేసిన ఇంజినీరులు, గృహిణులు, ప్రవాసులు అక్కడ కవులయ్యారు. వారి పద్యాలన్నీ గొప్ప కవిత్వమని ఎవరూ అనరు. అక్కడ గమనించవలసింది అభ్యాస పద్ధతిని.

బ్లాగుల కాలాన్ని స్వర్ణయుగంగా కీర్తించడమూ తగదు. అజ్ఞాతల ముసుగులో సాగిన దూషణ తక్కువది కాదు. దాని బారిన ఎక్కువగా పడినది స్త్రీలు. వ్యాఖ్యలు మూసివేసుకున్నవారు, బ్లాగునే మూసివేసుకున్నవారు ఉన్నారు. కంప్యూటరు, తీరిక, చదువు ఉన్నవారికే నాడు బ్లాగు అందింది. దూరవిద్యా విద్యార్థుల్లో అధిక సంఖ్యాకులకు తొలి కంప్యూటరు ఫోనే. వారు అంతర్జాలంలోకి వచ్చేనాటికి జనం బ్లాగుల నుంచి ఫేస్‌బుక్‌కూ, అక్కడి నుంచి వాట్సాప్‌కూ తరలిపోయారు.

4. వాట్సాప్ గుంపు: లాభనష్టాలు

2020 మార్చిలో విద్యాసంస్థలు మూతపడినప్పుడు పాఠాన్ని విద్యార్థి వరకు చేర్చినది ప్రధానంగా వాట్సాప్. తక్కువ డేటాతో పనిచేస్తుంది, అందరి ఫోన్లలో ముందే ఉంది, కొత్తగా నేర్చుకోవలసినది లేదు. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. తెలుగు బోధనకు ప్రత్యేకంగా కలిసివచ్చినది స్వరసందేశం. అధ్యాపకుడు పద్యాన్ని విరుపులతో చదివి పంపవచ్చు. విద్యార్థి తన గొంతుతో చదివి తిరిగి పంపవచ్చు. టైపు చేయడం రాని విద్యార్థిని వంటింట్లో పని చేసుకుంటూనే సందేహం అడగవచ్చు. అచ్చు పుస్తకంలో మూగబోయిన పద్యానికి గొంతు తిరిగి వచ్చిందంటే అది ఈ మాధ్యమం చలవే. వాచికాభినయానికి పూర్వం నుంచీ ఉన్న ప్రాధాన్యం దృష్ట్యా దీనిపై మన శాఖలు తగినంత ఆలోచించలేదు.

అయితే వాట్సాప్ గుంపుకు జ్ఞాపకం లేదు. కొత్తగా చేరిన విద్యార్థికి అంతకుముందటి చర్చ కనిపించదు. పోయిన ఏడాది బృందం చర్చించిన విషయాన్నే ఈ ఏడాది బృందం మొదటి నుంచి మొదలుపెడుతుంది. మంచి వివరణ ఒకటి పండుగ శుభాకాంక్షలకూ, ఫార్వర్డులకూ అడుగున పడి సాయంత్రానికి కనుమరుగవుతుంది. ఫలానా మాట ఫలానావారు ఫలానా రోజున అన్నారని చూపించే లంకె లేదు. అందువల్ల అక్కడ అన్న మాటకు ఎవరూ బాధ్యులు కారు, దాన్ని ఎవరూ ఉటంకించలేరు.

దీనికి మించిన మార్పు మరొకటి ఉంది. గుంపులో విద్యార్థి రాసే వాక్యం ‘నోట్స్ పంపండి’ అనేదిగా కుదించుకుపోతోంది. పంపేవాడు పీడీఎఫ్ పంపుతాడు, మిగిలినవారు నమస్కారపు గుర్తు పెడతారు. డీఎస్సీ, నెట్, సెట్ పరీక్షల కోసం టెలిగ్రామ్‌లోనూ, యూట్యూబ్‌లోనూ నడిచే తెలుగు పాఠాల ప్రభావం దీనిపై బలంగా ఉంది. కవి, కాలం, అంకితం, బిరుదు అనే నాలుగు గడుల్లో ఇమిడే సాహిత్యమే అక్కడ సాహిత్యం. ఉద్యోగం విద్యార్థికి ప్రాణావసరం కనుక ఆ పాఠాలను ఈసడించడం తేలిక, ఉచితం కాదు. ఎం.ఏ. కోర్సు సైతం అదే అచ్చులో పడితే మాత్రం విశ్వవిద్యాలయానికి ప్రత్యేకంగా చేయవలసిన పని మిగలదు.

బ్లాగులో రాసేవాడికి ఎదుట అపరిచితుడు ఉంటాడు. ఆ అపరిచితుడికి విషయం తెలియదని భావించి మొదటి నుంచి చెప్పాలి. అతడు ఎదురు ప్రశ్నిస్తాడని ఊహించి ఆధారం చూపాలి. విమర్శ వ్యాసం రాయడానికి కావలసిన తొలి శిక్షణ ఇదే. గుంపులో ఎదుట ఉన్నది పరిచితులే కనుక అర్ధోక్తులతో సరిపోతుంది. పీహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల్లో వాక్యం ఎందుకు విడివడిపోతోందని వాపోయే పర్యవేక్షకులు, ఆ విద్యార్థి పరిశోధనలోకి రాకముందు ఐదేళ్లపాటు ఎక్కడ, ఎవరిని ఉద్దేశించి రాశాడో అడిగి చూడాలి.

5. మార్కులు వచ్చిన చోట

అయితే బ్లాగును తప్పనిసరి చేసి మార్కులు పెడితే సరిపోతుందా? యూజీసీ 2020 నిబంధనల ప్రకారం దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో నిరంతర మూల్యాంకనానికి గరిష్ఠంగా 30 శాతం, సెమిస్టరు చివరి పరీక్షకు కనీసం 70 శాతం భారం ఉంటుంది. ఆ 30లో చర్చకూ, బ్లాగు రాతకూ చోటు కల్పించవచ్చు. కల్పించిన మరుక్షణం లెక్క మొదలవుతుంది. వారానికి ఒక టపా, రెండు వ్యాఖ్యలు అని నియమం పెడితే ‘చాలా చక్కగా వివరించారు మేడమ్’ వంటి వ్యాఖ్యలు కుప్పలు తెప్పలుగా వస్తాయి. నియమం నెరవేరుతుంది, చర్చ జరగదు. ‘శంకరాభరణం’లో పద్యం రాసినవారికి మార్కులు లేవన్న సంగతి ఇక్కడ గుర్తుకు రావాలి. అలాగని మార్కులు లేని పనిని, పగలంతా ఉద్యోగం చేసి వచ్చిన విద్యార్థి చేస్తాడని ఆశించడం అమాయకత్వం.

కృత్రిమ మేధ ఉపకరణాలు తెలుగులో వ్యాసం రాసిపెట్టగల స్థితికి చేరాక ఈ చిక్కు మరింత ముదిరింది. ‘ప్రబంధ లక్షణాలను వివరించండి’ అనే ప్రశ్నకు టపా రాయమంటే అది ఎవరి రాతో చెప్పడం కష్టం. లోపం ఉపకరణంలో కన్నా ప్రశ్నలోనే ఎక్కువగా ఉంది. గైడుల కాలంలోనూ ఆ ప్రశ్నకు జవాబు విద్యార్థిది కాదు.

అధ్యాపకుడి శ్రమ మాట ఎవరూ ఎత్తరు. వందలమంది టపాలు చదివి, ఒక్కొక్కరికీ సవరణ సూచించి, సవరించినదాన్ని మళ్లీ చదవడానికి పట్టే కాలాన్ని ఏ పనిగంటల పట్టికా లెక్కించదు. ఒప్పంద, అతిథి అధ్యాపకుల మీద ఆన్‌లైన్ బోధన భారం ఎక్కువగా పడుతున్నచోట ఈ పని జరగకపోవడాన్ని వారి ఉదాసీనతగా చూడటం సబబు కాదు. ఆన్‌లైన్ విద్య చవక అనే అభిప్రాయంలోనే ఈ లోపం దాగి ఉంది.

6. పేరు, ఇంటిపేరు, ఫోన్ నంబరు

బ్లాగు బహిరంగమని పైన గుణంగా చెప్పినదే విద్యార్థికి ప్రమాదం కావచ్చు. అలిస్ మార్విక్, డేనా బాయిడ్ 2011లో రాసిన వ్యాసంలో, సామాజిక మాధ్యమాల్లో వేర్వేరు శ్రోతృసమూహాలు ఒకేచోట కుప్పగా చేరడం వల్ల మాట్లాడేవారికి కలిగే ఇబ్బందిని వివరించారు. తెలుగు విద్యార్థి విషయంలో ఇది మరింత నిశితమైనది. తరగతి గదిలో దళితవాద, స్త్రీవాద సాహిత్యంపై విద్యార్థి చేసే వ్యాఖ్య ఆ గదికే చెందుతుంది. అదే వ్యాఖ్య సొంత పేరుతో బహిరంగ టపాగా వెలువడితే ఊరివారు, బంధువులు, పై అధికారి అందరూ చదువుతారు. మన దగ్గర పేరుతో ఆగదు, ఇంటిపేరు కులాన్ని చెబుతుంది. రాసిన వాదానికి కాక రాసినవారి ఇంటిపేరుకు జవాబిచ్చే వ్యాఖ్యాతలు తెలుగు ఫేస్‌బుక్‌లో తక్కువేమీ కాదు.

వాట్సాప్ గుంపు సురక్షితం అనుకోవడమూ భ్రమే. గుంపులో చేరగానే ప్రతి సభ్యుడికీ విద్యార్థిని ఫోన్ నంబరు తెలిసిపోతుంది. 2022 నాటికి ఒక్క గుంపులో 1024 మంది వరకు చేరవచ్చు. అంతమంది అపరిచితుల చేతికి నంబరు ఇవ్వడం కోర్సులో చేరడానికి షరతు కాకూడదు. ‘గుంపులో చేరకపోతే సమాచారం అందదు’ అనే ఒక్క వాక్యం నిజానికి అలాంటి షరతే. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. ఈ నేపథ్యంలో విద్యార్థి సమ్మతి అంటే ఏమిటో విశ్వవిద్యాలయాలు ఇకనైనా తేల్చుకోవాలి. కాదంటే మార్కులు పోయే చోట ఇచ్చిన సమ్మతికి విలువ ఎంత?

కలంపేరు తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. అధ్యాపకుడికి మాత్రమే అసలు పేరు తెలిసి, లోకానికి కలంపేరు కనిపించే ఏర్పాటు సాధ్యమే. కోర్సు ముగిశాక తన టపాను ఉంచాలో తొలగించాలో నిర్ణయించే హక్కు విద్యార్థిదే కావాలి. బహిరంగంగా రాయడం ఇష్టం లేనివారికి, అదే పనిని అధ్యాపకుడికి మాత్రమే సమర్పించే దారి, మార్కుల్లో కోత లేకుండా ఉండాలి.

7. బ్లాగుకు తగిన అధ్యయనాంశాలు

జవాబు ఎక్కడా సిద్ధంగా దొరకని అంశాలను ఎంచుకుంటే పై చిక్కుల్లో సగం తగ్గుతాయి. ‘కన్యాశుల్కం’ రెండు కూర్పులు ఇందుకు అనువైనవి. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన తొలి కూర్పుకూ, 1909 నాటి మలి కూర్పుకూ నిర్మాణంలో చాలా దూరం ఉంది. మధురవాణి పాత్ర పెరిగిన తీరు అందరూ ప్రస్తావించేదే. ఒక్కో విద్యార్థి ఒక్కో రంగాన్ని తీసుకొని, రెండు కూర్పుల్లో సంభాషణ ఎలా మారిందో చూపి, తోటివారి టపాలకు లంకెలు ఇస్తే, ఒక్కరే చేయలేని పని తరగతి మొత్తం కలిసి చేసినట్టవుతుంది. మరుసటి ఏడాది బృందం అక్కడి నుంచి ముందుకు సాగుతుంది. వాట్సాప్ గుంపులో అసాధ్యమైన కొనసాగింపు ఇది.

రెండో ఉదాహరణ మరింత ఆశావహమైనది. భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన ‘మాండలిక వృత్తిపదకోశం’లో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. అప్పట్లో పదాల సేకరణకు పరిశోధకులు ఊరూరా తిరగవలసి వచ్చింది. నేటి దూరవిద్యా కోర్సులో ఆ ఊళ్లవారే విద్యార్థులు. మేడి, కర్రు, నొగ, కాడి అనే మాటలు తెలిసిన ఆఖరి తరానికి మనుమలు వారు. పడుగు, పేక, నాడె అనే మాటలు ఇంటి మాటలుగా పెరిగినవారూ వారిలో ఉంటారు. ట్రాక్టరు వచ్చాక ఏ మాటలు పోయాయి, ఏవి కొత్తగా చేరాయి అని తన ఇంట్లో పెద్దలను అడిగి, ఊరి పేరుతో, వస్తువు బొమ్మతో, పెద్దల గొంతుతో సహా టపాగా రాయమంటే ఏ ఉపకరణమూ ఆ జవాబు రాసిపెట్టలేదు. ఇక్కడ స్వరసందేశం వాట్సాప్‌లో వచ్చి, స్థిరరూపం బ్లాగులో పొందుతుంది. రెండు మాధ్యమాల స్వభావాన్ని ఎరిగి పని పంచడమంటే ఇదే. నేర్చుకోవడానికి ఆటంకమని దూరవిద్యలో తరచూ భావించే ఊరు, వృత్తి, వయసు అనేవి ఈ పనిలో విద్యార్థి సామగ్రిగా మారతాయి.

8. ఆకరాలుగా బ్లాగులు

పరిశోధకులు బ్లాగులను ఎలా ఉపయోగించుకుంటున్నారన్నది చివరి సమస్య. సిద్ధాంత వ్యాసాల ఆధారసూచికల్లో ‘అంతర్జాలం’, ‘గూగుల్’ అని ఒక్క మాటలో ముగించే అలవాటు ఇంకా పోలేదు. గ్రంథాలయంలో చదివిన పుస్తకానికి ‘గ్రంథాలయం’ అని ఆధారం చూపిస్తే ఏ పర్యవేక్షకుడూ ఒప్పుకోడు. బ్లాగు దగ్గరికి వచ్చేసరికి ఒప్పుకుంటున్నాడు. రచయిత పేరు, టపా పేరు, తేదీ, లంకె, చూసిన రోజు అనే ఐదు వివరాలు బ్లాగులోనే కనిపిస్తుండగా విడిచిపెట్టడం బద్ధకం కన్నా పెద్ద దోషం. అచ్చయిన మాటకు కర్త ఉంటాడు, తెర మీది మాట ఎవరిదీ కాదనే భావన దాని వెనుక ఉంది. జీతం లేకుండా, పదోన్నతి ఆశ లేకుండా ఏళ్ల తరబడి ప్రాచీన గ్రంథాల మీద, సినిమా పాటల మీద, శాసనాల మీద రాసిన బ్లాగరుల శ్రమ అలా పేరు లేకుండా సిద్ధాంత గ్రంథాల్లో కరిగిపోతోంది.

2018 నాటి యూజీసీ గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు సారూప్యాన్ని శాతాల్లో కొలుస్తాయి, పది శాతం వరకు శిక్ష లేదు. కొలిచే సాఫ్టువేరుకు చదవడానికి వీలైన పాఠం కావాలి. అను వంటి పాత ఖతులలో టైపు చేసిన సిద్ధాంత గ్రంథం యంత్రానికి తెలుగుగా కనిపించదు. స్కాను చేసిన ప్రతి అయితే కేవలం బొమ్మ. యూనికోడ్‌లో ఉన్న టపాను తీసి పాత ఖతిలో మళ్లీ కొట్టినవాడు పట్టుబడే అవకాశం స్వల్పం. సిద్ధాంత గ్రంథాన్ని యూనికోడ్‌లోనే సమర్పించాలనే చిన్న నియమం పెద్ద మేలు చేస్తుంది.

బ్లాగు శాశ్వతం కాదు. రచ్చబండ, ఛందస్సు వంటి గుంపుల్లో తెలుగు సాహిత్యంపై విలువైన చర్చలు సాగిన యాహూ గ్రూప్స్ సేవ 2019 చివర కుంచించుకుపోయి 2020 డిసెంబరు 15న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. ఫేస్‌బుక్ రాతలు లాగిన్ తలుపు వెనుక ఉండటం వల్ల బయటి భండారాలకు చిక్కవు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో బహిరంగ టపాను భద్రపరచడానికి ఒక నిమిషం చాలు. పరిశోధకుడు తాను ఉటంకించిన ప్రతి టపాకూ మూల లంకెతో పాటు ఆ భద్రప్రతి లంకెను ఇవ్వాలని విశ్వవిద్యాలయాలు కోరవచ్చు. రచయిత అనుమతితో ప్రతిని శాఖ గ్రంథాలయంలో ఉంచవచ్చు. మూతపడిన గుంపుల ఉత్తరాలు కొన్ని నాటి సభ్యుల మెయిలు పెట్టెల్లో మిగిలి ఉండటానికి వీలుంది. ఆ సభ్యుల్లో వయోవృద్ధులు ఉన్నారు. వారి వద్దకు వెళ్లి ఆ ప్రతులను అడిగి తీసుకోవడానికి ఒక తెలుగు శాఖ, ఇద్దరు పరిశోధక విద్యార్థులు, ఒక సెమిస్టరు కాలం సరిపోతాయి.